ఎవర్ని చేర్చుకోవాలి, ఎవర్ని వెళ్లగొట్టాలి?
స్వలింగ ప్రేమికులు, చర్చి చీలికలు, దళిత క్రైస్తవులు

స్వలింగ ప్రేమికుల్ని సంఘ సభ్యులుగా ఒప్పుకోవాలా, వాళ్లని పాస్టర్లుగా అభిషేకించొచ్చా అనే ప్రశ్న మీద యాభై ఏళ్లుగా ప్రపంచంలోని పెద్ద ప్రొటెస్టెంటు సంఘాలు తన్నుకుంటున్నాయి. కొన్ని చీలిపోయాయి కూడా. మన తెలుగు చర్చిల్లో ఈ మాట ఎత్తితే చాలు, ‘అది తెల్లోళ్ల గొడవ, మనకెందుకు?’ అని పక్కకి నెట్టేస్తారు. ఇది మన గొడవ కూడానని, దళిత క్రైస్తవులు దీన్ని మిగతావాళ్లకంటే ఎక్కువ పట్టించుకోవాలని మేం అనుకుంటున్నాం. ఎందుకో వివరించడానికే ఈ వ్యాసం.

మేం చూస్తున్న ప్రాంతం చిన్నది. నారాయణగూడలో బాప్టిస్టు చర్చి ఉంది, వై.ఎం.సి.ఎ. ఉంది, క్రైస్తవ సమాధుల తోట ఉంది. పక్కనే చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, దాని చుట్టూ పోటీ పరీక్షలకి చదివే పిల్లలు. అశోక్‌నగర్ నిండా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. ఇంకొంచెం ముందుకి పోతే లోయర్ ట్యాంక్‌బండ్ మీద ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకి తరలివచ్చిన ఈ కాలేజీలో బాప్టిస్టు, లూథరన్, మెథడిస్టు, దక్షిణ ఇండియా సంఘాల పాస్టర్లు కలిసి చదువుకుంటారు. అంటే దళిత క్రైస్తవులు ఆరాధించే చోటు, ఉద్యోగం కోసం చదివే చోటు, పాస్టర్లు తయారయ్యే చోటు, చివరికి మట్టి చేసే చోటు అన్నీ ఈ నాలుగు వీధుల్లోనే ఉన్నాయి. ఇక్కడి నుంచి చూస్తే ఆ ‘తెల్లోళ్ల గొడవ’ ఎట్లా కనపడుతుందో చూద్దాం.

గొడవ అసలు దేని మీద?

ముందు మాటల సంగతి. మన పత్రికలు ‘స్వలింగ సంపర్కులు’ అని రాస్తాయి. ఆ మాటలో పక్క తప్ప మనిషి కనపడడు. భార్యాభర్తల్ని ‘పరలింగ సంపర్కులు’ అని ఎవరైనా రాస్తారా? ఇక వీధిలో వాడే మాటలు తిట్లే. కులం పేరునే తిట్టుగా మార్చి మన మీదికి విసిరితే ఎట్లా ఉంటుందో మనకి తెలుసు గనక, ఇంకొకర్ని పిలిచేటప్పుడు ఆ జాగ్రత్త మనకి ఉండాలి. ఈ వ్యాసంలో మేం స్వలింగ ప్రేమికులు అంటున్నాం. గే, లెస్బియన్ అనే మాటలు కూడా ఇప్పుడు తెలుగులో వాడుకలోకి వచ్చాయి.

చర్చిలో ప్రశ్న ఒకటి కాదు, మూడు. ఒకటి, స్వలింగ ప్రేమికులు సభ్యులుగా ఉండొచ్చా, ప్రభురాత్రి భోజనంలో పాలుపొందొచ్చా? రెండు, వాళ్ల జంటని సంఘం దీవించొచ్చా, పెళ్లి చెయ్యొచ్చా? మూడు, వాళ్లు పాస్టర్లు, బిషప్పులు కావొచ్చా? మొదటిదానికి ఔనని, మిగతా రెంటికీ కాదని చెప్పే సంఘాలు చాలా ఉన్నాయి. పెద్ద చీలికలన్నీ ముఖ్యంగా రెండో, మూడో ప్రశ్నల మీద వచ్చినవే. మన దగ్గర ఈ మూడింటినీ ఒకే మూట కట్టి ‘పాపం’ అని పేరు పెట్టడంతో మొదటి ప్రశ్నని కూడా విడిగా అడిగే వీలు లేకుండా పోయింది.

తల్లి సంఘాలు చీలిన తీరు

మన చర్చిలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. వాటిని పెట్టిన మిషన్ల వెనక తల్లి సంఘాలు ఉన్నాయి. ఇవాళ చీలుతున్నవి ఆ తల్లి సంఘాలే.

అమెరికా మెథడిస్టుల్నే తీసుకుందాం. స్వలింగ ఆచరణ క్రైస్తవ బోధకి సరిపడదనే వాక్యాన్ని యునైటెడ్ మెథడిస్టు చర్చి 1972లో తన నియమావళిలో చేర్చింది. 2019 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్‌లో జరిగిన ప్రత్యేక మహాసభలో 438–384 ఓట్లతో ఆ నిషేధాల్ని ఇంకా బిగించారు. అయినా గొడవ ఆగలేదు. ఆస్తులతో సహా బయటికి వెళ్లేందుకు పెట్టిన వెసులుబాటు వాడుకుని 2023 చివరికల్లా దాదాపు 7,600 సంఘాలు, అంటే అమెరికాలోని మొత్తంలో నాలుగో వంతు, వెళ్లిపోయాయి. వాటిలో చాలా సంఘాలు 2022 మేలో మొదలైన గ్లోబల్ మెథడిస్టు చర్చిలో చేరాయి. మిగిలినవాళ్లు 2024లో షార్లెట్ మహాసభలో పాత నిషేధాల్ని తీసేశారు. మన మెథడిస్టు చర్చి ఇన్ ఇండియా 1981 నుంచి స్వతంత్రంగా ఉంది గనక ఈ ఓట్లేవీ హైదరాబాదు మెథడిస్టుల్ని కట్టిపడేయవు.

తెలుగు బాప్టిస్టుల తల్లి సంఘం అమెరికన్ బాప్టిస్టు సంఘం. అది 1992లో స్వలింగ ఆచరణకి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. కానీ బాప్టిస్టు పద్ధతిలో ఏ సంఘానికి ఆ సంఘమే పెద్ద. కొన్ని స్థానిక సంఘాలు స్వలింగ ప్రేమికుల్ని ఆహ్వానిస్తూనే వచ్చాయి. వాళ్లమీద చర్య తీసుకోలేదన్న కోపంతో 2006లో పసిఫిక్ నైరుతి ప్రాంతం మొత్తం విడిపోయింది.

1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికి తల్లులు చాలామంది. ఆంగ్లికన్లు 1998 లాంబెత్ మహాసభలో స్వలింగ ఆచరణని తిరస్కరించారు. 2003లో అమెరికా ఎపిస్కోపల్ చర్చి, బహిరంగంగా గే అని చెప్పుకున్న జీన్ రాబిన్సన్‌ని బిషప్పుగా అభిషేకించడంతో ఆంగ్లికన్ లోకం పగిలింది. 2008లో యెరూషలేములో గాఫ్‌కాన్ అనే ప్రతివేదిక పుట్టింది. 2023లో ఇంగ్లండు చర్చి స్వలింగ జంటల కోసం దీవెన ప్రార్థనలు తెచ్చాక, దక్షిణార్ధ గోళపు ఆంగ్లికన్ పెద్దలు కొందరు కాంటర్బరీ ఆర్చిబిషప్పుని తమ పెద్దగా ఒప్పుకోం అన్నారు. మెదక్ గుడి కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ వచ్చింది బ్రిటిష్ వెస్లియన్ మెథడిస్టుల్లోంచి. ఆ సంఘానికి వారసులైన బ్రిటన్ మెథడిస్టులు 2021 జూన్‌లో స్వలింగ వివాహాల్ని చర్చిలో జరపడానికి ఒప్పుకున్నారు. అమెరికాలో పెద్ద లూథరన్ సంఘం 2009లో స్వలింగ జంటగా జీవించే పాస్టర్లకి దారి తెరిచింది. అది నచ్చనివాళ్లు 2010లో వేరే సంఘం పెట్టుకున్నారు.

అక్కడ చర్చిలు వెళ్తాయి, ఇక్కడ మనుషులు వెళ్తారు

ఇంతకీ ఇక్కడ ఎవరు నిర్ణయిస్తారు? బాప్టిస్టుల్లో పాస్టరు, డీకన్లు, సంఘ కూటం. దక్షిణ ఇండియా సంఘంలో డయాసిస్ కౌన్సిల్, దానిపైన సినడ్. మెథడిస్టుల్లో కాన్ఫరెన్సు, బిషప్పు. మన సంఘాల్లో చాలావాటిని కలుపుకున్న జాతీయ క్రైస్తవ సంఘాల సమితి, అంటే నాగపూరులో ఉన్న ఎన్.సి.సి.ఐ., లైంగిక వైవిధ్యం మీద ఒక వేదిక నడిపింది, చర్చిలు చదువుకోవడానికి పుస్తకాలు వేసింది. కానీ సమితి మాట సలహా మాత్రమే. అది బెంచీ మీద కూర్చున్న విశ్వాసిదాకా రాదు.

ఇక్కడ చీలిక ఓటుగా రాదు. మౌనంగా వస్తుంది. అమెరికాలో ఒప్పుకోని సంఘం తన భవనం, తన కానుకల పెట్టె, తన పాస్టరుతో సహా లేచి వెళ్లిపోతుంది. మన దగ్గర ఒక్క మనిషి, ఒట్టి చేతులతో, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతాడు. సంఘ రిజిస్టరులో ఆ పేరు అట్లాగే ఉంటుంది. ‘ఈమధ్య మీవాడు గుడికి రావట్లేదేం?’ అని అయ్యగారు అడుగుతారు, ‘ఉద్యోగం పని’ అని తల్లి చెప్తుంది. అంతటితో అయిపోతుంది.

ఆ వెళ్లిపోవడం దళితుడికి ఎంత ఖరీదైనదో గమనించాలి. కలిగినవాడికి చర్చి అంటే ఆదివారం ఆరాధన. నచ్చకపోతే ఇంకో చర్చి చూసుకుంటాడు. వాడలోంచి వచ్చినవాడికి చర్చి అంటే బడి, హాస్టలు సీటు, మిషన్ ఆసుపత్రిలో ఉద్యోగం, సిఫారసు ఉత్తరం, పెళ్లి సంబంధం, చివరికి సమాధి చోటు. ఊళ్లో మనిషిగా చూడని రోజుల్లో పేరుపెట్టి పిలిచిన మొదటి చోటు అదే. అక్కడినుంచి వెలి అయితే వెనక్కి పోవడానికి ఊరు లేదు. ఊరు ముందే వెలివేసింది.

ఆడపిల్ల సంగతి ఇంకా గట్టిది. గే అబ్బాయి ఉద్యోగం పేరు చెప్పి అశోక్‌నగర్‌లో ఒక గది తీసుకుని నాలుగేళ్లు నెట్టుకురాగలడు. లెస్బియన్ అమ్మాయికి పాతికేళ్లు దాటకముందే పెళ్లి నిర్ణయం అయిపోతుంది. చర్చిలో పెళ్లి ప్రకటన చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడుగుతారు. ఉన్న ఒకే ఒక్క అభ్యంతరం పెళ్లికూతురిదే. కానీ ఆ ప్రశ్న ఆమెని అడగరు. ఇట్లా జరిగే పెళ్లిలో ఆ అమ్మాయితోపాటు ఏమీ తెలియని పెళ్లికొడుకు కూడా నష్టపోతాడు. చర్చి కాపాడుతున్నానంటున్న కుటుంబం ఇదేనా?

రెండు పేర్ల బతుకు

మాట దాచుకుని బతకడం అంటే ఏమిటో దళిత క్రైస్తవులకి ఎవరూ నేర్పక్కర్లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు మాత్రమే షెడ్యూల్డు కులాలు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకి మిగిలింది బి.సి.–సి కింద ఒక్క శాతం. అందుకే ఎన్నో ఇళ్లల్లో సర్టిఫికెట్టు మీద ఒక పేరు, బాప్తిస్మం పుస్తకంలో ఇంకో పేరు. కోచింగ్ కోసం అశోక్‌నగర్ వచ్చిన పిల్లవాడు ఆదివారం బైబిలు పట్టుకుని బయటికి వెళ్లేటప్పుడు కూడా ఎవరైనా చూస్తారేమోనని చూసుకుంటాడు. గది అద్దెకి అడిగితే ఓనరు ముందు కులం కనుక్కుంటాడు.

ఈ పిల్లల్లోనే స్వలింగ ప్రేమికులు కూడా ఉన్నారు. వాళ్లు సర్కారు దగ్గర మతం దాస్తారు, ఓనరు దగ్గర కులం దాస్తారు, చర్చి దగ్గర ప్రేమ దాస్తారు. మొదటి రెండు దాపరికాలు అన్యాయమని మనం ధర్నాలు చేస్తాం, సరిగ్గానే చేస్తాం. మూడోది మాత్రం వాళ్ల పాపఫలం అంటాం. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది?

చట్టం ముందు చర్చి ఎవరి పక్కన నిలబడింది?

స్వలింగ ప్రేమ పడమటి దిగుమతి అంటారు. దిగుమతి అయింది దాన్ని నేరం చేసిన చట్టం. 1860లో ఇంగ్లీషువాళ్లు రాసిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షను అది. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు నాజ్ ఫౌండేషన్ కేసులో ఆ సెక్షను పదును తీసేసింది. దానిమీద సుప్రీంకోర్టుకి వెళ్లినవాళ్ల జాబితాని దళిత పాఠకులు ఒకసారి చదవాలి. అందులో అపోస్టలిక్ చర్చిల కూటమి, ఉత్కల్ క్రైస్తవ మండలి ఉన్నాయి. అదే జాబితాలో క్రాంతికారీ మనువాదీ మోర్చా కూడా ఉంది. మనువు పేరు పెట్టుకున్న పార్టీ, క్రీస్తు పేరు పెట్టుకున్న సంస్థలు ఒకే పక్షాన నిలబడి, 2013 డిసెంబరు 11న గెలిచాయి. ఎవరి పెళ్లి ఎవరితో జరగాలో, ఎవరి శరీరం ఎవరి హద్దులో ఉండాలో నిర్ణయించడమే మనువు పని. ఆ పనిలో మనం సాయం పట్టడమేంటి?

2018 సెప్టెంబరు 6న నవతేజ్ జోహర్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ నేరాన్ని రద్దు చేశారు. పెళ్లి హక్కు కోసం వేసిన కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాదులో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు అది ప్రాథమిక హక్కు కాదని తీర్పిచ్చింది. అదే ఏడాది జులైలో తెలంగాణ హైకోర్టు, హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, ఆడవేషంలో వీధిలో కనపడితే వారంటు లేకుండా పట్టుకునే వీలిచ్చిన 1919 నాటి నిజాం కాలపు నపుంసకుల చట్టాన్ని కొట్టేసింది. పుట్టుకతోనే నేరస్తులని కొన్ని కులాల మీద ముద్ర వేసిన చట్టాల్ని మనం మరిచిపోలేదు. ఇదీ ఆ జాతి చట్టమే.

వాక్యం ఏమంటుంది?

అభ్యంతరం చెప్పే పాస్టర్లందరూ చెడ్డవాళ్లని మేం అనడం లేదు. వాళ్ల వాదనకి బరువుంది. సృష్టిలో దేవుడు స్త్రీ పురుషుల్ని జతచేశాడని, లేవీయకాండం 18, 20 అధ్యాయాలు, రోమా 1, మొదటి కొరింథీ 6 ఈ ఆచరణని తప్పుపడుతున్నాయని, రెండువేల ఏళ్ల సంఘ సంప్రదాయాన్ని డబ్బున్న దేశాల ఒత్తిడితో మార్చకూడదని వాళ్లంటారు. ఇంకో భయం కూడా ఉంది. క్రైస్తవుల మీద దాడులు జరుగుతున్న రోజుల్లో శత్రువుకి కొత్త నింద అందించొద్దని, ఉన్న విశ్వాసులు స్వతంత్ర ప్రార్థన మందిరాలకి పోతారని.

దీనికి రెండు సంగతులు చెప్పాలి. మొదటిది, వాక్యం పేరుతో వెలివేత మన దగ్గరే కాదు, తల్లి సంఘాల్లోనూ పాతదే. అమెరికా మెథడిస్టులు 1844లో, బాప్టిస్టులు 1845లో చీలింది బానిసత్వం మీద. దాసులు యజమానులకి లోబడాలన్న వచనాలు బానిస యజమానుల దగ్గర బోలెడు ఉన్నాయి. వాళ్లు అబద్ధపు బైబిలు చదవలేదు. మనం చదివేదే చదివారు. తెలుగువాళ్ల దగ్గరికి వచ్చిన బాప్టిస్టు మిషను ఆ చీలికలో ఉత్తరాది పక్షాన మిగిలింది. ఆడవాళ్లు సంఘంలో మౌనంగా ఉండాలనే వచనం కూడా బైబిల్లో అట్లాగే ఉంది. అయినా దక్షిణ ఇండియా సంఘం 1976 నుంచి స్త్రీలని అభిషేకిస్తోంది. 2013లో నంద్యాల డయాసిస్‌లో ఇ. పుష్పలలిత ఆ సంఘపు తొలి మహిళా బిషప్పు అయింది. వచనం చెరిగిపోలేదు, చదివే పద్ధతి మారింది.

రెండోది, బైబిలు తనలో తానే ఈ వాదన చేసుకుంటుంది. ద్వితీయోపదేశకాండం 23లో నపుంసకుడికి సమాజంలో ప్రవేశం లేదు. యెషయా 56లో అదే నపుంసకుడికి దేవుడి ఇంట్లో కొడుకులు, కూతుళ్లకంటే మేలైన పేరు దొరుకుతుంది. అపొస్తలుల కార్యాలు 8లో ఇతియోపియా నపుంసకుడు దారిలో నీళ్లు చూసి, తనకి బాప్తిస్మం ఇవ్వడానికి అడ్డమేమిటని ఫిలిప్పుని అడుగుతాడు. ధర్మశాస్త్రం చేతిలో ఉంది గనక ఫిలిప్పు అడ్డం చూపించగలడు. చూపించలేదు, నీళ్లలోకి దిగాడు.

ఒంగోలులో జరిగింది

చివరగా మన ఇంటి చరిత్ర. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం పెట్టాడు. అంతకుముందే బాప్తిస్మం తీసుకున్న మాదిగ యెర్రగుంట్ల పేరయ్య వల్ల పల్లెల్లోంచి మాదిగలు రావడం మొదలైంది. అప్పటిదాకా క్లౌతో స్నేహంగా ఉండి, బడికి పిల్లల్ని పంపుతున్న పైకులాలవాళ్లు అడ్డం తిరిగారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అన్నారు. ఏం చెయ్యాలో తోచక క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనపడిందని ఆయన రాసుకున్నాడు. లోకం నీచమని తృణీకరించినవాళ్లని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే మొదటి కొరింథీ మొదటి అధ్యాయం అది. పెద్దకులాల వాళ్లు పోయారు. మాదిగలు వచ్చారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

తెలుగు బాప్టిస్టు సంఘానికి పునాది ఆ నిర్ణయమే. ‘వాళ్లని చేర్చుకుంటే మేం పోతాం’ అన్న బెదిరింపుకి ఆరోజు లొంగి ఉంటే నారాయణగూడ బెంచీల మీద ఇవాళ ఎవరు కూర్చునేవాళ్లు? అదే బెదిరింపుని ఇవాళ మనం ఇంకొకరి మీద ప్రయోగిస్తున్నాం. స్వలింగ ప్రేమికుల ఉద్యమానికీ మనం చెప్పాల్సింది ఉంది. అక్కడ ఇంగ్లీషు, పైకులాల పెత్తనం తక్కువేం కాదు. 2015లో ఢిల్లీ ప్రైడ్ యాత్రలో దళిత క్వియర్ కార్యకర్తలు తమ కులం రాసుకున్న ప్లకార్డులు పట్టుకుంటే అక్కడివాళ్లే ఉలిక్కిపడ్డారు. రెండుచోట్లా పరాయిగా ఉండే ఈ పిల్లలు మనవాళ్లు. వాళ్ల తరఫున అడగాల్సింది ముందు మనమే.

అడగాల్సినవి పెద్దవేం కావు. అభిషేకం, పెళ్లి సంగతి సంఘాలు ఎన్నాళ్లయినా చర్చించుకోనీ. ఈలోగా ఎవరికీ ప్రభురాత్రి భోజనం, సమాధి చోటు, బడి ఉద్యోగం ఈ కారణం మీద నిరాకరించకూడదు. దయ్యం వదిలిస్తామని, మంచి చేస్తామని ఉపవాస కూటాల్లో పిల్లల్ని కొట్టడం, కట్టేయడం ఆగాలి. మనసు విప్పి చెప్పుకున్నవాళ్ల మాటని పాస్టరు ఇంట్లోవాళ్లకి చేరవెయ్యకూడదు. పెళ్లి ప్రకటన చదవకముందు పెళ్లికూతుర్ని, పెళ్లికొడుకుని విడివిడిగా పిలిచి ఇష్టమేనా అని అడగాలి. వేదాంత కళాశాలల్లో దళిత వేదాంతం చెప్పే గదిలోనే ఈ పాఠం కూడా చెప్పాలి. 1981లో అరవింద్ నిర్మల్ బెంగుళూరులో మొదలుపెట్టిన ఆ వేదాంతం, నొప్పి పడ్డవాడి దగ్గరనుంచే దేవుడి మాట వినాలంది. మన నొప్పి దగ్గర వినడం నేర్చుకున్న చెవి, పక్కవాడి నొప్పి దగ్గర మూసుకుపోతే అది ఇంకొక అగ్రహారం అవుతుంది.